మామగారి సేఫ్‌లో మూడు పాత రివాల్వర్లు: అమ్మే ముందు విలువ తేల్చుకోవడం ఎలా?

శ్రీను_ప్లేనో:

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. మామగారు తన సేఫ్‌లోని మూడు రివాల్వర్లు అమ్మిపెట్టమన్నారు. మూడూ స్మిత్ అండ్ వెసన్ కంపెనీవే. ఒక షాపులో మూడింటికీ కలిపి 1,100 డాలర్లు ఇస్తామన్నారు. తీసుకోవచ్చో, ఆగాలో తేల్చుకోలేకపోతున్నాను. వివరాలు ఇవి:

మొదటిది పెద్ద ఫ్రేమ్ (తుపాకీ చట్రం), .357 మాగ్నం తూటాది, 5 అంగుళాల బారెల్. పిడి అడుగున ఎస్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంది. సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) తెరిచి చూస్తే మోడల్ నంబరు లేదు, సంబంధం లేని ఇంకో ఐదంకెల నంబరు ఉంది. రెండూ కలవడం లేదు కాబట్టి భాగాలు మార్చారేమోనని అనుమానం. నీలిపూత బాగానే ఉంది. బారెల్ మూతి దగ్గర కాస్త అరిగింది, సిలిండర్ చుట్టూ సన్నటి గీత పడింది.

రెండోది .38 స్పెషల్, 4 అంగుళాలు, నికెల్ పూత, నంబరు సి అక్షరంతో మొదలు. హ్యామర్ (తూటాని కొట్టే వెనక ముక్క), ట్రిగ్గర్‌తో సహా అద్దంలా మెరుస్తోంది.

మూడోదాని నంబరు వి అక్షరంతో మొదలు. మెరుపు లేని నల్ల పూత, పిడి అడుగున రింగు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం, బారెల్ మీద చిన్న చిన్న ముద్రలు. వాటిలో ఒకచోట 3½ టన్స్ అని ఉంది.

తుప్పు చుక్కలు తీయించి, కొత్తగా బ్లూయింగ్ (నీలిపూత) చేయించి అమ్మితే ధర పెరుగుతుందా? కంపెనీ నుంచి లెటర్ తెప్పించుకోవాలా?


పాతఇనుము:

శ్రీనుగారూ, షాపుకి ఇంకా మాట ఇవ్వకండి. బ్లూయింగ్ ఆలోచన అసలే వద్దు. పాత రివాల్వర్‌కి కలెక్టర్ డబ్బు పెట్టేది ఫ్యాక్టరీలో వేసిన పూత కోసం. 85 శాతం మిగిలిన అసలు పూతకి ఉన్న గిరాకీ మిలమిల మెరిసే కొత్త పూతకి ఉండదు. మంచి తుపాకీకి మళ్లీ బ్లూయింగ్ చేయిస్తే విలువ సగానికి పడిపోవడం మామూలే. చేయించిన ఖర్చు దానికి అదనం.

మూడూ ఖాళీగా ఉన్నాయని ముందు రూఢి చేసుకోండి. సిలిండర్ తెరిచి ఒక్కో చాంబర్‌లోకీ (తూటా పట్టే గదిలోకీ) కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూడండి. మూసేటప్పుడు నెమ్మదిగా చేత్తో నొక్కి మూయాలి. సినిమాల్లోలా మణికట్టు విదిలించి మూస్తే యోక్ (సిలిండర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చేయి) వంగిపోతుంది, అది వంగితే సిలిండర్ బారెల్‌తో సరిగ్గా కూర్చోదు.

ఇప్పుడు మీ అనుమానం సంగతి. సిలిండర్ తెరిచినప్పుడు యోక్ దగ్గర కనిపించే ఆ ఐదంకెలది అసెంబ్లీ నంబరు. ఫ్రేమ్, యోక్, సైడ్‌ప్లేట్ (ఫ్రేమ్ పక్క మూత) లోపలి వైపు, ఈ మూడూ పూత వేసేటప్పుడు కలిసిపోకుండా ఫ్యాక్టరీ వాళ్లు గుర్తుగా వేసుకున్నది. దాన్నే సీరియల్ అనుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది, ఆ నంబరు చూపించి భాగాలు కలవలేదని బేరం తగ్గించేవాళ్లూ ఉంటారు. అసలు సీరియల్ పిడి అడుగున ఉన్నదే. అదే నంబరు ఇంకో నాలుగుచోట్ల ఉండాలి: సిలిండర్ వెనక ముఖం మీద, బారెల్ కింద ఎజెక్టర్ రాడ్ (ఖాళీ గుల్లల్ని బయటికి నెట్టే కడ్డీ) ఇమిడే గాడిలో, రాడ్ నొక్కితే పైకి లేచే నక్షత్రంలాంటి ముక్క వెనక, కుడివైపు చెక్క పిడి లోపలి పక్క. టార్చీ, భూతద్దం దగ్గర పెట్టుకోండి. గాడిలో పేరుకున్న మడ్డి కింద అంకెలు దాక్కుంటాయి. పత్తికి కాస్త తుపాకీ నూనె అద్ది తుడిస్తే చాలు. ఎజెక్టర్ రాడ్ విప్పాల్సిన పనేమీ లేదు.

మోడల్ నంబరు లేకపోవడం మీకు మేలే. ఈ కంపెనీ మోడల్ నంబర్లు మొదలుపెట్టింది 1957లో. అంతకుముందు అన్నీ పేర్లే. మీది తర్వాత మోడల్ 27 అయిన తుపాకీకి పూర్వరూపం. మా కలెక్టర్లు ప్రీ-27 అంటారు. ఎస్ అక్షరం రెండో ప్రపంచయుద్ధం తర్వాతి పెద్ద ఫ్రేమ్‌కి గుర్తు.

ఇక మరలు లెక్కపెట్టండి. సైడ్‌ప్లేట్‌కి నాలుగు, ట్రిగ్గర్ గార్డ్ ముందు ఒకటి ఉంటే దాన్ని ఫైవ్-స్క్రూ అంటారు. సైడ్‌ప్లేట్ మరల్లో ఒకటి చెక్క పిడి కింద దాక్కుంటుంది కాబట్టి బయటికి మూడే కనిపిస్తాయి, కంగారు పడకండి. సైడ్‌ప్లేట్ పైమూల మర 1955 ప్రాంతంలో పోయింది. గార్డ్ ముందరిది 1961-62లో పోయింది. అంటే మర ఉందా లేదా అన్నదాంతోనే దశాబ్దం తేలిపోతుంది. బారెల్‌ని ఫ్రేమ్‌కి అడ్డంగా పట్టుకునే చిన్న పిన్ను, మాగ్నం తూటా అంచు లోపలికి దిగేలా తొలిచిన చాంబర్లు కూడా చూడండి. ఆ రెండూ 1982 దాకా ఉన్నాయి.

పూత అసలుదో కాదో తెలుసుకోవడానికి ఈ తుపాకీకి మంచి సాక్ష్యం ఉంది. ఫ్రేమ్ పైభాగాన, బారెల్ పై పట్టీ మీద సన్నటి గళ్లు చెక్కి ఉంటాయి. పాలిషింగ్ చక్రం కింద పెడితే ముందు దెబ్బతినేవి అవే. గళ్ల కొనలు వేలికి గరుగ్గా, పదునుగా తగలాలి. తర్వాత సైడ్‌ప్లేట్ అతుకు చూడండి. ఫ్యాక్టరీలో దాన్ని ఫ్రేమ్‌కి అమర్చాకే కలిపి సానపట్టారు కాబట్టి అతుకు వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. ఎవరైనా మళ్లీ పాలిష్ పట్టి ఉంటే అతుకు అంచులు గుండ్రబడతాయి, మర రంధ్రాల చుట్టూ పళ్లెంలా గుంట పడుతుంది, కంపెనీ ముద్ర గీతలు ఒకవైపు లోతుగా, ఇంకోవైపు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. హ్యామర్, ట్రిగ్గర్ మీద గోధుమ, నీలం కలిసిన మబ్బుల్లాంటి రంగు ఉండాలి. నల్లగా ఉంటే పక్క భాగాలతో పాటు వాటినీ ముంచారన్నమాట.

పిడి చెక్కలు విప్పితే ఎడమవైపు ఫ్రేమ్ మీద చిన్న అంకెలు, అక్షరాలు ఏమైనా ఉన్నాయేమో రాసుకోండి. దీర్ఘచతురస్రంలో ఆర్-ఎస్ అని ఉంటే ఫ్యాక్టరీలోనే మళ్లీ పూత వేశారని అర్థం. ఆర్-ఎన్ అంటే ఫ్యాక్టరీలోనే నికెల్ వేశారని. సీరియల్ పక్కన నక్షత్రం ఉంటే మరమ్మతుకు వెనక్కి వెళ్లి వచ్చిందని. ఫ్యాక్టరీ రీఫినిష్ కూడా విలువ తగ్గిస్తుంది. కాకపోతే బయట ఎవరో చేసినదానికంటే గౌరవంగా చూస్తారు.

విప్పేటప్పుడు మరకి సరిగ్గా సరిపోయే తుపాకీ స్క్రూడ్రైవరే వాడండి. ఇంట్లో ఉండే మొన సన్నబడే రకం జారితే మర తల చితికిపోతుంది. చితికిన మర చూడగానే కొనేవాడికి లోపలేదో కెలికారనే భయం పుడుతుంది. సైడ్‌ప్లేట్ మాత్రం మీరు తీయనే వద్దు. దాన్ని ఉలితోనో స్క్రూడ్రైవర్‌తోనో పైకెత్తబోయి అంచు పాడుచేసిన తుపాకులు ఎన్నని చెప్పను!


గోదారిగట్టు:

పాతఇనుముగారు పూత సంగతి చెప్పేశారు కాబట్టి నేను పనితీరు వైపు చెబుతాను. కలెక్టర్ దాన్ని పేల్చకపోవచ్చు, అయినా లాకప్, అంటే సిలిండర్ బిగుసుకునే తీరు, వదులైన తుపాకీకి పూర్తి ధర ఇవ్వడు. అన్నీ ఖాళీ తుపాకీతోనే చేయాలి.

సిలిండర్ మీద వేలు ఆనించి కొంచెం అడ్డుపెడుతూ, హ్యామర్‌ని చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపు సిలిండర్ టక్కుమని లాక్ అవ్వాలి. ఆరు చాంబర్లకీ ఆరుసార్లు చూడండి, ఎందుకంటే నక్షత్రం పళ్లలో ఒక్కటే అరిగి ఉండొచ్చు. ఏ చాంబర్ అయినా వెనకబడితే టైమింగ్ పోయింది. మరమ్మతు చేయొచ్చు, కానీ ఆ మాట ప్రకటనలో రాయాల్సిందే.

తర్వాత హ్యామర్ వెనక్కి లాగి ఉంచి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, బొటనవేలితో హ్యామర్‌ని వెనక నుంచి ముందుకి ఒత్తండి. అది పడిపోకూడదు. పడితే లోపల సియర్ (హ్యామర్‌ని పట్టి ఉంచే కొక్కెం) అంచు అరిగిందో, ఎవరో ట్రిగ్గర్ తేలిక చేయబోయి రాయితో అరగదీశారో అయ్యుంటుంది. అలాంటిదాన్ని గన్‌స్మిత్‌కి చూపించకుండా అమ్మకూడదు.

సిలిండర్‌కీ బారెల్ వెనక కొనకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) కొలవండి. 0.004 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉంటే హాయి. 0.012 దాటితే కొనేవాడు అడుగుతాడు. సిలిండర్‌ని ముందుకి నెట్టి ఒకసారి, వెనక్కి నెట్టి ఒకసారి కొలిస్తే వచ్చే తేడాని ఎండ్‌షేక్ అంటారు. ఆ తేడా 0.003కి మించితే సిలిండర్ ముందు వెనకలకి కొట్టుకుంటోందని అర్థం. పక్కలకి కొద్దిగా కదలడం ఈ కంపెనీ తుపాకుల్లో దోషం కాదు. పాత కోల్ట్‌లలో మాత్రం ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నప్పుడు సిలిండర్ బండరాయిలా ఉండాలి. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టకండి.

బారెల్ లోపల చూడటానికి సిలిండర్ తెరిచి, వెనక తెల్ల కాగితం పెట్టి, మూతి వైపు నుంచి చూడండి. లోపల మెలితిరిగిన గాడులు పదునుగా ఉన్నాయా, నల్లటి గుంటలు ఉన్నాయా అన్నది ఒకటి. రెండోది, ఒకచోట ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అక్కడ బారెల్ ఉబ్బింది. బారెల్‌లో ఒక తూటా ఇరుక్కుపోగా దాని వెనక ఇంకోటి పేలిస్తే అలా అవుతుంది. బయటి నుంచి వేలితో రాస్తే ఆ ఉబ్బు తగలొచ్చు. పూత ఎంత బాగున్నా దానికి సగం ధర కూడా రాదు.

బారెల్ పొడవు సిలిండర్ ముందు ముఖం నుంచి మూతి దాకా కొలవాలి. సిలిండర్ కలుపుకుని కొలిచి ప్రకటనలో రాసేవాళ్లుంటారు, అది తప్పు. ఇది పట్టింపు విషయమే: ఈ .357లో 3½, 5 అంగుళాలవి వెతికి కొంటారు, 6, 6½ ఎక్కువ దొరుకుతాయి. మీది 5 అని సరిగ్గా తేలితే అదే మీ పెట్టుబడి.


కర్నూలు_ఆడపడుచు:

నికెల్ దాని గురించి నిరాశపరచక తప్పడం లేదు శ్రీనుగారూ. ఈ కంపెనీ నికెల్ రివాల్వర్లకి హ్యామర్, ట్రిగ్గర్ నికెల్ వేసేది కాదు, వాటిని ఆ మబ్బు రంగులోనే వదిలేసేది. మీదానికి అవి కూడా అద్దంలా ఉన్నాయంటే ఎవరో బయట పూత వేయించారు. ఇంకా ఖాయం చేసుకోవాలంటే పూత కింద గుంటలు ఉన్నాయేమో చూడండి. తుప్పు తిన్న ఇనుము మీదే నికెల్ వేస్తే గుంటలు కూడా మెరుస్తాయి. సైడ్‌ప్లేట్ అతుకు మీదుగా పూత సాగిపోయి, బారెల్ మీది అక్షరాలు వెన్నపూసినట్టు నిండి ఉంటాయి. దీన్ని కలెక్టర్ల వస్తువుగా కాక, పనిచేసే పాత .38గా అమ్మండి. లాకప్ బాగుంటే కొనేవాళ్లకి కొదవ ఉండదు.

నికెల్ మీద అమోనియా ఉన్న బోర్ క్లీనర్లు (బారెల్ లోపల శుభ్రంచేసే మందులు) వాడొద్దు. నికెల్ కింద రాగి పొర ఉంటే, పగుళ్లలోంచి దిగి దాన్ని తినేస్తుంది, పూత పెచ్చులుగా లేస్తుంది.

వి అక్షరంది విక్టరీ మోడల్. రెండో ప్రపంచయుద్ధంలో 1942 నుంచి 1945 దాకా తయారైంది. అమెరికా సైన్యానికి 4 అంగుళాల .38 స్పెషల్, బ్రిటన్, కామన్వెల్త్ దేశాలకి 5 అంగుళాల .38 ఎస్ అండ్ డబ్ల్యూ. ఈ రెండు తూటాల పేర్లు దగ్గరగా ఉన్నా ఒకటి కాదు. మొదటిది సన్నం, పొడవు. రెండోది పొట్టి, కాస్త లావు. మీదానిమీదున్న 3½ టన్స్ బ్రిటిష్ ప్రూఫ్ ముద్ర, అంటే తుపాకీని పరీక్షించాక వేసేది. అంటే అది బ్రిటన్ వెళ్లి వచ్చిన తుపాకీ. ఇక్కడే చూడాల్సింది ఉంది. అలా వెళ్లినవాటిలో చాలా వాటిని యుద్ధం తర్వాత అమ్మకానికి వీలుగా చాంబర్లు లోతుగా తొలిచి .38 స్పెషల్ పట్టేలా మార్చేశారు, బారెల్ కూడా కోసేశారు.

తేల్చుకునే పద్ధతి ఇది. బారెల్ పొడవు కొలవండి. 5కి తక్కువ ఉండి, బారెల్ మీది రాత మధ్యకి కాకుండా మూతి వైపు జరిగినట్టు కనిపించినా, ముందు సైట్ (గురి చూసే మిట్ట) వేరే ముక్కగా అతికించినట్టు ఉన్నా, కోసినట్టే. చాంబర్‌లో వెలుతురు వేసి చూస్తే, మార్చనిదాంట్లో ముందు భాగంలో స్పష్టమైన మెట్టు కనబడుతుంది. పేల్చేసిన ఖాళీ .38 స్పెషల్ గుల్ల ఒకటి దొరికితే పెట్టి చూడండి. మార్చని చాంబర్‌లో అది పూర్తిగా దిగదు. దిగిందంటే తొలిచారు. నిండు తూటాతో ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి. తొలిచిన చాంబర్ వెనక భాగం లావుగానే ఉండిపోతుంది కాబట్టి .38 స్పెషల్ గుల్లలు ఉబ్బి, చీలిపోతుంటాయి. ఈ సంగతి దాచి అమ్మితే కొన్నవాడి చేతికి ప్రమాదం.

మార్చని విక్టరీకి, నునుపు చెక్క పిడి, లాన్యార్డ్ రింగు (పిడి అడుగున తాడు కట్టుకునేది), కలిసే నంబర్లు ఉంటే సైనిక వస్తువులు సేకరించేవాళ్లు బాగానే పెడతారు. కోసి, తొలిచినదానికి చవక ధరే. రింగు కొత్తది కొని బిగించినంత మాత్రాన తేడా రాదు.

ఇంకో మాట. పాతదైతే చాలు ఖరీదైనదే అనుకోకండి. వందేళ్లు దాటిన, మధ్యకి విరిచి తెరిచే చిన్న రివాల్వర్లు, అంటే ఐవర్ జాన్సన్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ లాంటివి, లెక్కలేనన్ని తయారయ్యాయి. వాటిని వయసు చూసి వెయ్యి డాలర్లు అడిగితే ఎవరూ పలకరు.


శ్రీను_ప్లేనో:

అందరికీ ధన్యవాదాలు. చూశాను. .357కి గార్డ్ ముందు మర ఉంది, సైడ్‌ప్లేట్ పైమూల మర కూడా ఉంది. సీరియల్ ఐదుచోట్లా ఒకటే, చెక్క లోపల కూడా. పిడి మర చుట్టూ వజ్రం ఆకారం చెక్కి ఉంది. గళ్లు వేలికి గట్టిగా తగులుతున్నాయి. ఆర్-ఎస్ లాంటివి లేవు. ఎడమవైపు ఫ్రేమ్ కింద గోరంత గోధుమరంగు తుప్పు.

నికెల్ దానికి అక్షరాలు మీరన్నట్టే అలుక్కుపోయాయి అక్కా. విక్టరీ 4 అంగుళాలే, ముందు సైట్ అతికించిందే. దాని బారెల్ కింద నంబరే లేదు.

ఇప్పుడు ధర ఎలా కట్టాలి? లెటర్ సంగతేంటి?


పాతఇనుము:

ఇక స్పష్టమే. మీ చేతిలో కలెక్టర్ల వస్తువు ఒక్కటే, మిగతా రెండూ మామూలు ధరవి. ఆ ఒక్కటీ షాపువాళ్లు మూడింటికీ చెప్పిన మొత్తాన్ని ఒంటరిగా దాటుతుందని నా అంచనా. అందుకే మూడూ కలిపి అమ్మకండి. గుంపు బేరంలో మంచిది ఎప్పుడూ నష్టపోతుంది.

వజ్రం ఉన్న చెక్కలు 1968కి ముందువి. నంబరు కలిసిందన్నారు, బంగారం. మీకు తెలియకుండా మార్చేస్తే పోయేవి కూడా ఇవే. పిడి చెక్కలు విడిగానే వందల డాలర్లకి అమ్ముడవుతాయి కాబట్టి, షాపులో వదిలి రావాల్సివస్తే చెక్కల లోపలి నంబరుతో సహా ఫొటో తీసుకుని, రసీదులో రాయించండి. సేఫ్‌లో, అటక మీద పాత డబ్బా ఉందేమో మామగారిని గట్టిగా అడగండి. డబ్బా అడుగున చేత్తో రాసిన సీరియల్ ఉంటుంది. అది ఈ తుపాకీదే అయితే ఖాళీ అట్టపెట్టె కూడా ధర పెంచుతుంది. స్క్రూడ్రైవర్, శుభ్రం చేసే కడ్డీ, కాగితాలు, కొన్నప్పటి రసీదు దొరికితే అన్నీ కలిపి ఉంచండి.

తుప్పు చుక్కకి నూనె వేసి రెండు రోజులు వదిలి, మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే. ఇసుక కాగితం, సీసాలో దొరికే కోల్డ్ బ్లూ (ఇంట్లోనే పూసుకునే నీలిపూత) రెండూ వద్దు. కోల్డ్ బ్లూ పూసిన మచ్చ ఎండలో బూడిదరంగుగా వేరుగా కనిపిస్తుంది, వాసన కూడా పట్టిస్తుంది. అసలు తుప్పు చుక్క కంటే దాన్ని దాచిన మచ్చకే ఎక్కువ కోత పడుతుంది. తోలు హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలు పదును పెట్టడానికి వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి. ఒకవైపు మాత్రమే తుప్పు ఉందంటే కారణం చాలాసార్లు అదే.

పూత శాతం కట్టేటప్పుడు మొత్తం ఉపరితలాన్ని మనసులో ముక్కలు చేసుకోండి: బారెల్ మూతి అంచు, సిలిండర్ ముందు అంచు, సిలిండర్ గీత, పిడి ముందు వెనక పట్టీలు, సైడ్‌ప్లేట్ వైపు. ఎక్కడెక్కడ తెల్లబడిందో రాసి, కలిపి చూడండి. సొంత వస్తువుకి అందరూ ఐదు శాతం ఎక్కువే వేస్తారు. కాబట్టి ఐదు తగ్గించి రాయండి. 98కీ 95కీ మధ్య ధర తేడా, 80కీ 77కీ మధ్య తేడా కంటే చాలా ఎక్కువ. పై మెట్లలోనే డబ్బంతా ఉంటుంది.

ధర కోసం ఆన్‌లైన్ వేలం సైట్లలో అడుగుతున్న ధర చూడకండి. ఏళ్ల తరబడి అమ్ముడుపోక కూర్చున్నవి కూడా అక్కడే కనిపిస్తాయి. పూర్తయిన వేలాలు మాత్రం చూడండి. అదే తరం, ఐదు మరలు, 5 అంగుళాలు, నీలిపూత ఉన్నవి నాలుగైదు తీసుకోండి. ఒకే ఒక్కడు వేలంపాడి కొన్నదాన్ని పక్కన పెట్టండి, డబ్బాతో వెళ్లినదాన్ని విడిగా లెక్కవేయండి. ఇంట్లో మీ ఫొటోలు వాటి ఫొటోల పక్కన పెట్టి నిజాయితీగా పోల్చండి. ఇంత నుంచి ఇంత దాకా అని ధర హద్దులు తేలతాయి, ఆ హద్దుల్లో కింది సగంలో రిజర్వ్ (అంతకు తగ్గితే అమ్మనన్న ధర) పెట్టండి.

లెటర్ అంటే స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ ఇచ్చే పత్రం. ఫ్యాక్టరీ నుంచి ఏ తేదీన, ఎవరికి, ఏ బారెల్, ఏ పూత, ఏ పిడితో వెళ్లిందో పాత రికార్డులు చూసి రాస్తారు. ఈ కంపెనీ సీరియల్ వరసలో తుపాకులు పంపలేదు కాబట్టి నంబరు చూసి చెప్పే సంవత్సరం ఉజ్జాయింపే, లెటర్‌లోదే ఖాయం. మీ .357కి తెప్పించండి. 5 అంగుళాలు అసలుదేనని కాగితం మీద ఉంటే వాదన ఉండదు. నికెల్ దానికీ కోసిన విక్టరీకీ ఆ డబ్బు దండగ.

ఇదే .357 మాగ్నం 1935లో పుట్టినప్పుడు కొన్నవారి పేరు మీద నమోదు చేసి ఇచ్చేవారు. యోక్ గాడిలో రెజ్ అనే అక్షరాలతో ఇంకో నంబరు ఉంటుంది. 1939 దాకా సుమారు ఐదున్నర వేలు మాత్రమే అలా వెళ్లాయి. ఇది చదివేవాళ్లెవరికైనా అలాంటిది కనిపిస్తే షాపుకి తీసుకెళ్లకుండా నేరుగా పెద్ద వేలం సంస్థతో మాట్లాడండి.


వేములవాడ_రాజు:

అన్నా, చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఊళ్లో తాతగారి వెబ్లీ (బ్రిటిష్ కంపెనీ) రివాల్వర్ ఉంది, లైసెన్సు ఆయన పేరు మీదే. ఆయన పోయారు. ఇవే లెక్కలు ఇక్కడ కూడా పనికొస్తాయా?


గోదారిగట్టు:

పూత, నంబర్లు చూసే పద్ధతి పనికొస్తుంది రాజూ, ధర కట్టే పద్ధతి పనికిరాదు. మన దేశంలో 1980ల మధ్య నుంచి సామాన్యులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందుకే పాత విదేశీ రివాల్వర్‌కి ఇక్కడ పలికే ధర పనితీరుకీ కొరతకీ పలికేదే. అమెరికాలో డబ్బాకీ, పిడి చెక్కకీ ఇచ్చే డబ్బు ఇక్కడ ఇవ్వరు.

ధర తర్వాత సంగతి. లైసెన్సుదారు పోయాక ఆ ఆయుధం ఇంట్లో ఉంచుకోవడానికి లేదు. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసుల్లో ఒకరు లైసెన్సుకి దరఖాస్తు పెట్టొచ్చు, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండుకి మించి తుపాకులు ఉండకూడదు, అది కూడా చూసుకోండి. లైసెన్సు వచ్చాక ఇంకో లైసెన్సుదారుకి అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. వందేళ్లు దాటినదైతే దేశం దాటించే ఆలోచన చేయొద్దు, 1972 పురావస్తు చట్టం అడ్డొస్తుంది.


కర్నూలు_ఆడపడుచు:

శ్రీనుగారూ, ఒక ముఖ్యమైన మాట అడగలేదు. మీరు హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నారా? అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. సేఫ్ తాళం మీ చేతిలో ఉండటం, కారులో షాపుకి తీసుకెళ్లడం కూడా మీ మెడకి చుట్టుకోవచ్చు. అలా అయితే మామగారే స్వయంగా తీసుకెళ్లాలి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉంటే ఈ ఇబ్బంది లేదు.

అమ్మే దారులు చెబుతాను. ఒకే రాష్ట్రంలోని వ్యక్తికి నేరుగా అమ్మడానికి టెక్సస్‌లో వీలుంది. అయినా డీలర్ దగ్గర చిన్న ఫీజు కట్టి ఆయన చేత బదిలీ చేయించుకోవడమే మేలు, రేపు ఎవరు అడిగినా కాగితం ఉంటుంది. వేరే రాష్ట్రం మనిషికి నేరుగా ఇవ్వడం ఫెడరల్ నేరం. కొనేవాడి ఊళ్లో లైసెన్సున్న డీలర్‌కి వెళ్లాలి. పెద్ద ప్రైవేటు కొరియర్లు మామూలు మనుషుల దగ్గర తుపాకులు తీసుకోవడం మానేశాయి కాబట్టి పార్సిల్ మీ డీలర్ చేతే వేయించండి, ఆ ఖర్చు ముందే ప్రకటనలో రాయండి. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న తుపాకీ క్యూరియో (సేకరణ వస్తువు) కింద వస్తుంది. కలెక్టర్ లైసెన్సు ఉన్నవాళ్లు దాన్ని వేరే రాష్ట్రం నుంచి కూడా నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. మీ .357 ఆ కోవలోదే, గిరాకీ పెరగడానికి అదొక కారణం. కోసిన విక్టరీని ఆ పేరుతో అమ్మకండి, అసలు రూపం పోయింది.

కన్‌సైన్‌మెంట్‌కి (షాపు చేత కమిషన్ మీద అమ్మించడానికి) ఇస్తే కమిషన్ ఎంత, అమ్ముడుపోకపోతే ఫీజు ఉందా, ధర తగ్గించే ముందు మిమ్మల్ని అడుగుతారా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.

ఫొటోలు మబ్బు పట్టిన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, బూడిదరంగు గుడ్డ మీద తీయండి. రెండు పక్కలు, పైన గళ్లు, మూతి, సిలిండర్ ముందు వెనక, పిడి అడుగు నంబరు, బారెల్ కింది నంబరు, చెక్కల లోపలి పక్క, బారెల్ లోపల. ఆ తుప్పు చుక్కని మాత్రం దగ్గరగా తీసి మొదటి మూడు ఫొటోల్లోనే పెట్టండి. చూడకుండా కొన్నవాడు పెట్టె తెరిచాక దాన్ని చూస్తే వెనక్కి పంపుతాడు, రెండువైపులా డీలర్ ఫీజు మీ మీద పడుతుంది.


శ్రీను_ప్లేనో:

గ్రీన్‌కార్డు ఉంది అక్కా. హోల్‌స్టర్‌లోంచి తీసేశాను, తుప్పు సరిగ్గా తోలు ఆనిన వైపే ఉంది. అటక మీద డబ్బా దొరికింది, అడుగున పెన్సిల్‌తో నంబరు రాసి ఉంది గానీ చివరి రెండంకెలు చెరిగిపోయాయి.


పాతఇనుము:

చెరిగిన అంకెల మీద మళ్లీ పెన్సిల్ దిద్దకండి. టార్చీని పక్క నుంచి, అట్టకి దాదాపు ఆనించి వేసి చూడండి. పెన్సిల్ ఒత్తిన పల్లం నీడగా తేలుతుంది. అలాగే ఫొటో తీసి, ఎంత కనిపిస్తే అంతే ప్రకటనలో రాయండి. డబ్బా మూలలకి టేపు వేయొద్దు.

తీసిన హోల్‌స్టర్ పారేయకండి. లోపల ఏదైనా తయారీదారు ముద్ర ఉంటే అది విడిగా అమ్ముడవుతుంది.